టిల్లర్ తీసి చక్రం పెడుతున్నాం: ముత్తుకూరు గట్టు మీద పాత తెరచాప పడవ

ఏప్రిల్ చివర

పడవ 26 అడుగులది. ఫైబర్ బాడీ, ఒక స్తంభం, రెండు తెరచాపలు, అడుగున పడవ బోల్తా పడకుండా పట్టే బరువు రెక్క (కీల్), వెనక పక్క కాస్త లోపలికి అమర్చిన చుక్కాని. చెన్నైలో ఒకాయన దగ్గర నేనూ మా బావా చెరి సగం వేసుకుని కొన్నాం. ఇంతకాలం టిల్లర్‌తోనే తిప్పాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: చుక్కాని కడ్డీ కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్ళు కూర్చునే చోటు) నేలని పొడుచుకుని పైకొస్తుంది, దాని తలకి నాలుగడుగుల టేకు కర్ర బిగించి ఉంటుంది, ఆ కర్రే టిల్లర్. కర్రని ఎడమకి తోస్తే పడవ కుడికి పోతుంది. మొదట్లో తికమకగా ఉంటుంది గానీ చెయ్యి తొందరగానే అలవాటు పడిపోతుంది, ఆ తర్వాత నీళ్ళు చుక్కానిని ఎంత గట్టిగా నెడుతున్నాయో అరచేతికే తెలిసిపోతుంది. నేను టిల్లర్ మనిషిని, ముందే చెప్పేస్తున్నా. 30 అడుగుల లోపు పడవలకి ఎక్కువగా టిల్లరే ఎందుకు పెడతారో ఊరికే కాదు.

చక్రం కావాలన్నది బావ. షోకు కోసం కాదు. ఆయనకి కుడి భుజం ఆపరేషన్ అయింది, పక్కకి తిరిగి కూర్చుని ఒకే చేత్తో గంటలకొద్దీ కర్రని లాగి పట్టుకోవడం ఇక కుదరదని డాక్టరు చెప్పేశాడు. చక్రమైతే ఎదురుగా కూర్చోవచ్చు, నిలబడొచ్చు, రెండు చేతులూ వాడొచ్చు. కాదనడానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్క షరతు మాత్రం పెట్టా: టిల్లర్‌ని అటక మీద పడెయ్యకూడదు, చక్రం మొరాయించిన రోజు నిమిషంలో తగిలించుకునేట్టు ఉండాలి.

పడవని ఉప్పుటేరులోంచి క్రేనుతో ఎత్తించి, ముత్తుకూరు అవతల మా రొయ్యల చెరువుల గట్టున, మేత షెడ్డు పక్కన ఇనప స్టాండు మీద నిలబెట్టాం. కరెంటు ఉంది, నీడ ఉంది, కాపలా ఉంది. కాకపోతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, ఈ రెండు నెలల్లోనే మరబోట్లన్నీ ఒడ్డెక్కి రిపేర్లు చేయించుకుంటాయి, కాబట్టి వడ్రంగి దొరకడు, వెల్డరు దొరకడు, ఫైబర్ పనివాడి ఫోను అసలు ఎత్తడు. చాలా పని మేమే చేసుకోవాలి.

మే మొదట్లో, లెక్కలు

పని మొదలుపెట్టే ముందు కాగితం మీద చూసుకున్నా, చక్రం వల్ల అసలు ఎంత బరువు తగ్గుతుందా అని.

చుక్కాని నీళ్ళలో ఉండే భాగం వైశాల్యం 0.35 చదరపు మీటర్లు. పడవ ఆరు నాట్ల మీద, అంటే సెకనుకి దాదాపు 3.1 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు చుక్కానిని గట్టిగా తిప్పితే దాని మీద పడే తోపు 175 కిలోల దగ్గర ఉంటుంది. ఆ తోపు కడ్డీకి 10 సెంటీమీటర్ల వెనక పనిచేస్తుందనుకుంటే, 1.2 మీటర్ల టిల్లర్ చివర మన చేతికి తగిలేది 14 కిలోల పైచిలుకు. బావ భుజం నొప్పికి కారణం అదే.

ఇప్పుడు చక్రం. కడ్డీకి 20 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న డిస్కు బిగించి దాన్ని వైర్లతో లాగాలి. చక్రం ఇరుసు మీద 13 పళ్ళ స్ప్రాకెట్, దాని మీద 5/8 అంగుళాల పిచ్ (లింకుకీ లింకుకీ దూరం) చైను, చైను కొసలకి వైర్లు, అవి నేల కింద కప్పీల మీదుగా డిస్కు దాకా. అంటే వైరులో లాగుడు 87 కిలోలు, స్ప్రాకెట్ వ్యాసార్ధం 33 మిల్లీమీటర్లు. మా కాక్‌పిట్‌లో సీట్ల మధ్య సందు తక్కువ, 24 అంగుళాల చక్రమే పడుతుంది. ఆ చక్రం అంచున చేతికి తగిలే బరువు తొమ్మిదిన్నర కిలోలు. కప్పీల రాపిడి కూడా కలిపితే ఇంకో కిలో.

ఇంత చేసి 14 నుంచి 10కి దిగుతుంది, అంతే. డిస్కు 25 సెంటీమీటర్లది పెడితే ఏడున్నరకి దిగేది గానీ నేల కింద కాక్‌పిట్ నీళ్ళు పోయే గొట్టాలు రెండూ అడ్డం. వాటిని మార్చాలంటే అదింకో ప్రాజెక్టు. బావకి ఈ లెక్క చూపిస్తే, "బరువు సంగతి వదిలెయ్ బావా, నాకు కూర్చునే తీరు మారితే చాలు," అన్నాడు. నిజమే. చక్రం చేసే అసలు మేలు అదే, కండబలం గురించి అమ్మేవాళ్ళు చెప్పేది సగమే నమ్మాలి.

లాకు నుంచి లాకుకి, అంటే ఈ చివర నుంచి ఆ చివరకి, చక్రం ఎన్ని చుట్లు తిరగాలన్నది కూడా ఇదే లెక్కలో తేలుతుంది. చుక్కాని అటు 35 ఇటు 35, మొత్తం 70 డిగ్రీలు. 20 సెంటీమీటర్ల డిస్కు మీద అది 244 మిల్లీమీటర్ల వైరు. స్ప్రాకెట్ ఒక చుట్టుకి 206 మిల్లీమీటర్లు లాగుతుంది. కాబట్టి ఒక చుట్టు మీద ఇంకాస్త. కారు స్టీరింగ్ అలవాటున్నవాళ్ళకి ఇది మరీ చురుగ్గా అనిపిస్తుంది.

ఇంకో లెక్క కూడా వేశా, అదే నన్ను భయపెట్టింది. అల తగిలి 80 కిలోల మనిషి తూలి చక్రం అంచు మీద పడితే? అంచు వ్యాసార్ధం 305, స్ప్రాకెట్‌ది 33. వైరులో లాగుడు 740 కిలోలు. ఆ వైరు కప్పీ దగ్గర తొంభై డిగ్రీలు మలుపు తిరుగుతుంది కాబట్టి కప్పీ మీద పడేది దానికి 1.4 రెట్లు, టన్ను పైనే. చక్రం ఎంత నిగనిగలాడినా లాభం లేదు, ఆ కప్పీ కాళ్ళు పడవకి ఎట్టా పట్టుకున్నాయన్నదే స్టీరింగ్. ఈ పని మొత్తంలో నేను మనసులో పెట్టుకున్న మాట ఇదొక్కటే.

మే, కొన్ని రోజుల తర్వాత

సామాన్లు. కొత్త దిగుమతి సెట్టు ధర కనుక్కుంటే మేం పడవకి పెట్టిన దాంట్లో మూడో వంతు చెప్పారు. వద్దనుకున్నాం. ముంబైలో ఒక పాత యాట్ నుంచి విప్పిన పెడెస్టల్, అంటే చక్రం నిలబడే అల్యూమినియం స్తంభం, చక్రంతో సహా దొరికింది, పార్సిల్లో వచ్చింది. ఇరుసు బాగుంది, బేరింగులు తిరుగుతున్నాయి, చక్రం కదలకుండా పట్టే బ్రేకు పట్టీ మాత్రం అరిగిపోయింది. చైను తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది, అది చెత్తలోకే.

కప్పీలు రాలేదు, డిస్కు రాలేదు. డిస్కు అల్యూమినియంతో చేయిద్దామా గన్‌మెటల్‌తోనా అని ఆలోచించాం. మా కడ్డీ స్టెయిన్‌లెస్. ఉప్పునీళ్ళ తేమలో స్టెయిన్‌లెస్‌కి అల్యూమినియం ఆనుకుని ఉంటే అల్యూమినియమే తినేసుకుపోతుంది, తెల్ల పొడి రాలుతుంది, మధ్యలో ఏదైనా పేస్టు పూసినా అది ఎన్నాళ్ళుంటుందో చూస్తూ కూర్చోవాలి. గన్‌మెటల్ అయితే ఆ గొడవ చాలా తక్కువ. రాగి 88, తగరం 10, జింకు 2 పాళ్ళు. బరువెక్కువ, ధరా ఎక్కువే. అయినా గన్‌మెటలే అన్నాం.

దీనికి ముందు చెక్కతో నమూనా చెయ్యాలి. పోత చల్లారేటప్పుడు గన్‌మెటల్ సుమారు ఒకటిన్నర శాతం కుంచించుకుపోతుంది, అంటే 400 మిల్లీమీటర్ల డిస్కుకి ఆరు మిల్లీమీటర్లు, ఆ మేరకు నమూనా పెద్దది చెయ్యాలి. డిస్కు రెండు ముక్కలుగా ఉండాలి, లేకపోతే కడ్డీ మీదికి ఎక్కించడానికి చుక్కాని మొత్తం కిందికి దించాలి. నెల్లూరు ఆటోనగర్‌లో మా చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల షాఫ్టులు చేసే లేతు మేస్త్రి నమూనా తనే చేసిస్తానన్నాడు, చేశాడు కూడా, చాలా నున్నగా. పోత మాత్రం చెన్నై అంబత్తూరులో పంపుల ఇంపెల్లర్లు పోసేచోట. తిరిగొచ్చాక లేతు మీద గాడి తీయించి, కడ్డీకి కీవే (జారకుండా పట్టే కీ కూర్చునే గాడి) కొట్టించి, రెండు ముక్కలూ నాలుగు బోల్టులతో బిగిస్తే, కీ లేకుండానే జారకుండా పట్టింది. కీ ఎటూ ఉండాల్సిందే, ఒట్టి బిగుతుని నమ్ముకోవద్దు.

వైరు కథ వేరు. 6 మిల్లీమీటర్లు, 7×19 అల్లిక, ఎస్ఎస్ 316, అంటే ఉప్పుకి బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ రకం. 7×19 అంటే ఏడు పేటలు, పేటకి 19 సన్న తీగలు, మొత్తం 133. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే వైరు 1×19 వేరు, అది బిరుసు, కప్పీ మీద వంగదు. చెన్నై ప్యారిస్ కార్నర్‌లో ఒక షాపులో 316 అని బిల్లు రాసి మరీ ఇచ్చారు. అయస్కాంతం పెట్టి చూపించారు, అంటుకోలేదు చూడండి అని. అయస్కాంతంతో 304 అనే మామూలు స్టెయిన్‌లెస్‌కీ 316కీ తేడా తెలియదు, ఆ పరీక్ష ఎందుకూ పనికిరాదు. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, దాన్ని పట్టిచ్చే టెస్టు చుక్కలు దొరుకుతాయి. చుక్క వేస్తే రంగు రాలేదు. వెనక్కిచ్చేసి, ఇంకో షాపులో చుక్క వేసి చూసుకుని కొన్నాం. 304 వెంటనే తెగిపోతుందని కాదు, ఈ ఉప్పుగాలికి గోధుమ మచ్చలు పట్టి లోపలి తీగలు ముందే పోతాయి, పైకి కనిపించదు, అదీ టెన్షన్.

మే నడుమ, నేల తెరిచాం

ఇది ఒక్కటే నిజంగా రాయాల్సిన భాగం, మిగతాదంతా కొనుక్కొచ్చి బిగించడమే.

కాక్‌పిట్ నేల చూడ్డానికి ఒకే ఫైబర్ పలక. కానీ అది మూడు పొరలు: పైన ఫైబర్, కింద ఫైబర్, నడుమ బాల్సా చెక్క. బరువు తగ్గుతుంది, బిరుసుగా ఉంటుంది. పెడెస్టల్ నిలబడే చోట నాలుగంగుళాల హోల్‌సాతో (గుండ్రంగా కోసే రంపం) కోస్తే మొదట పొడి తెల్లగా వచ్చింది, తర్వాత గోధుమ రంగులో ముద్దగా వచ్చింది. బిళ్ళని బయటికి లాగి చూస్తే బాల్సా నల్లబడి, వేళ్ళతో నొక్కితే నీళ్ళు కారుతున్నాయి, చెరువు అడుగు బురద వాసన. ఎవరో ఎప్పుడో ఏదో బిగించడానికి కొట్టిన స్క్రూ బొక్కల్లోంచి ఏళ్ళ తరబడి వాన నీళ్ళు దిగాయి. రూపాయి బిళ్ళతో నేలంతా తట్టుకుంటూ పోయాం. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, చచ్చిపోయిన చోట డొల్లగా డుబ్ అంటుంది. చాక్‌పీసుతో గీత గీస్తే జానెడు వెడల్పు, మూరెడు పొడుగు తేలింది. సరిగ్గా చక్రం నిలబడే చోటే.

కింది పొరని కోసి, కుళ్ళిన బాల్సాని ఉలితో గీకి తీసి, ఎండకి ఆరబెట్టి, ఆ చోట మెరైన్ ప్లైవుడ్ ముక్క ఎపాక్సీతో అంటించి మళ్ళీ ఫైబర్ మ్యాట్ పరిచాం. ఫైబర్ పనివాడు ఉంటే పాలియెస్టర్ రెజిన్‌తో గంటలో ముగించేవాడు. చెక్కకి పట్టుకోవాలంటే నాకు ఎపాక్సీ మీదే గురి. కాకపోతే డబ్బా మీద 25 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు టైముందని రాసుంటుంది, ఇక్కడ షెడ్డులో నీడలోనే 40. పది డిగ్రీలు పెరిగితే టైము సగమవుతుంది. కలిపిన గ్లాసు చేతిలోనే వేడెక్కి పొగలు వచ్చేది. తెల్లారి అయిదింటికి, చిన్న చిన్న మోతాదుల్లో, వెడల్పాటి పళ్ళెంలో పోసి వాడితేనే పని జరిగింది.

తర్వాత చుక్కాని గొట్టం. కడ్డీ ఒక ఫైబర్ గొట్టంలోంచి పైకొస్తుంది, ఆ గొట్టం అడుగు నుంచి కాక్‌పిట్ నేల దాకా ఏకంగా అతికి ఉంది. నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది అదే, కడ్డీ తిరిగే పై బుష్‌ని పట్టుకునేదీ అదే. డిస్కు బిగించాలంటే మధ్యలో 100 మిల్లీమీటర్ల ముక్క కోసెయ్యాలి. కోస్తే రెండు సమస్యలు. ఒకటి, మిగిలిన కింది గొట్టం నోరు నీటి మట్టానికి ఎంత ఎత్తులో ఉంటుంది? పడవ నిలబడినప్పుడు 15 సెంటీమీటర్లు పైన. ఇంజను మీద పోయేటప్పుడు వెనక భాగం దిగుతుంది, వెనక నుంచి అల వస్తే ఇంకా. అంటే నీళ్ళు చిమ్ముతాయి. రెండోది, పై బుష్‌కి ఆధారం పోతుంది. ఇన్నాళ్ళూ టిల్లర్ తోపు ఒక్కటే భరించిన ఆ బుష్ మీద ఇక వైర్ల లాగుడు కూడా పడుతుంది.

నేల కింద రెండు పొరల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకని పక్క గోడల దాకా లాగి అతికించి, దానికి మందంగా ఫైబర్ వేసి, పై బుష్‌ని అందులో కూర్చోబెట్టాం. కింది గొట్టం నోటికి రబ్బరు తొడుగు, రెండు చోట్ల స్టెయిన్‌లెస్ క్లిప్పులు, లోపల గ్రీజు పట్టించిన నూలు ప్యాకింగ్. కోసేముందు కడ్డీ నిట్టనిలువుగా ఉండే స్థానాన్ని గుర్తు పెట్టుకోవాలి, ఒకసారి గొట్టం కోశాక చుక్కాని ఎటైనా ఒరుగుతుంది. మేం కిందినుంచి చుక్కానికి చెక్క దిమ్మలు పెట్టి బిగించాకే రంపం పట్టుకున్నాం.

లోపల పడుకుని చెయ్యాలి ఇదంతా. రోహిణి కార్తె ఇంకా రాలేదు, అయినా చెమటకి కళ్ళద్దాలు ముక్కు మీద నిలవలేదు. బావ పైనుంచి ఫ్యాను పెట్టి మజ్జిగ అందించాడు, భుజం బాగలేదు గదా, అంతకంటే ఆయన పని ఏం లేదు.

మే చివర, సరంగు మామ వచ్చాడు

మరబోట్ల మీద బతుకంతా గడిపిన మనిషి. ఆయన నాయన బకింగ్‌హాం కాలువ మీద ఉప్పు మోసే తెరచాప పడవలు నడిపాడట. నిషేధంలో తీరిక ఉండి చూడ్డానికొచ్చాడు. పెడెస్టల్ వైపు చూడనైనా చూడలేదు, వచ్చీ రావడంతోనే మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి కింద కప్పీల కాడికి పోయాడు.

"ఏంది అబ్బయ్యా, ఈ బోల్టులకి వాషర్లేనా?"

"ఇంకా బిగించలేదు మామా, ప్లేటు వస్తుంది."

"ఎంత లావుది?"

"8 మిల్లీమీటర్లు, స్టెయిన్‌లెస్."

తలూపాడు. మన మరబోట్లకి చక్రం దగ్గర చైను, తిన్నగా పోయేచోట ఇనప కడ్డీ, మలుపు తిరిగేచోట మళ్ళీ చైను పెట్టే పద్ధతి ఉంది, వైరు తక్కువ. ఎందుకని అడిగితే, "తాడు తెగేది నడాన కాదబ్బా, వంగే కాడ. కడ్డీ వంగదు, తెగదు," అన్నాడు. మాకు కడ్డీ పెట్టే చోటు లేదు. కానీ ఆయన మాట విని ముందు అనుకున్న కప్పీల్ని పక్కన పెట్టి పెద్దవి చేయించా. వైరు మందానికి కనీసం 16 రెట్లు వ్యాసం ఉండాలి, 6 మిల్లీమీటర్ల వైరుకి అది 96. చిన్న కప్పీ మీద వైరు వంగిన ప్రతిసారీ సన్న తీగలు అలిసిపోయి ఒక్కోటి తెగుతుంటాయి. ఇప్పుడు 100 మిల్లీమీటర్ల కప్పీలు, గన్‌మెటల్ బుష్‌లతో. సందులో పట్టించడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

పెడెస్టల్ బోల్టులకి ఎపాక్సీ బుష్‌లు పోశాం. 10 మిల్లీమీటర్ల బోల్టుకి 16 మిల్లీమీటర్ల రంధ్రం కొట్టి, దాన్ని పొడి కలిపిన గట్టి ఎపాక్సీతో, గారెల పిండంత చిక్కగా, నింపి, ఆరాక మళ్ళీ 10 బిట్టుతో కొట్టాలి. ఇప్పుడు బోల్టు చుట్టూ చెక్కే లేదు, కాబట్టి నీళ్ళు దిగినా కుళ్ళడానికేం లేదు, బోల్టు బిగించినా నేల నలగదు. పెడెస్టల్ బోల్టులే నేలని దాటి కింద కప్పీల ప్లేటుని కూడా పట్టుకుంటాయి. పై బరువు, కింది బరువు ఒకే బోల్టుల జత మధ్య ఇరుక్కుంటాయి, ఫైబర్ మీద లాగుడు తక్కువ.

జూన్ మొదట్లో, వైర్లు

అలైన్‌మెంట్‌కి లేజరు అక్కర్లేదు, తాపీమేస్త్రి నూలు చాలు. మా కడ్డీ నిలువుగా లేదు, కొంచెం వెనక్కి వాలి ఉంది, అంటే డిస్కు కూడా వాలి ఉంటుంది. కప్పీ నుంచి వచ్చే వైరు డిస్కు ఉన్న తలంలోనే రావాలి, రెండు డిగ్రీలు తేడా వచ్చినా గాడి అంచుని రాసుకుని వైరు బయటికి దూకుతుంది. డిస్కు గాడిలో నూలు పెట్టి, బిగలాగి, కప్పీ గాడి దాకా తెచ్చి చూస్తే కుడి కప్పీ అర అంగుళం పైకి ఉంది. కింద ముక్కోణపు చెక్క పెట్టి సరిచేశాం. చుక్కానిని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ మళ్ళీ మళ్ళీ చూడాలి, నడుమ సరిపోయింది కదా అని వదిలేస్తే చివర్లో తప్పుతుంది.

వైర్లు ఒకదాన్నొకటి దాటాలి. ఈ మాట ఎంతమందికి చెప్పినా ఎందుకని అడుగుతారు. చక్రాన్ని కుడికి తిప్పండి. స్ప్రాకెట్ మీది చైను ఎడమ కొస పైకి లేస్తుంది, అంటే ఎడమ వైరు లాగబడుతుంది. అది తిన్నగా వెనక్కి పోయి డిస్కు ఎడమ అంచుని ముందుకి లాగిందనుకోండి, చుక్కాని రెక్క ఎడమకి పోతుంది, పడవ ఎడమకే తిరుగుతుంది. తిప్పింది కుడికి, పోయింది ఎడమకి. అందుకే పెడెస్టల్ లోపలే ఎడమ వైరు కుడి కప్పీకి, కుడి వైరు ఎడమ కప్పీకి పోవాలి, ఒకదానికొకటి తగలకుండా కప్పీలు ఎత్తు తేడాతో ఉండాలి.

పెద్ద ఓడల్లో ఈ తికమక చాలాకాలం నడిచింది. చక్రాలు వచ్చింది 18వ శతాబ్దం మొదట్లో అయినా, ఆర్డర్లు మాత్రం 1930ల దాకా టిల్లర్ ఎటు పోవాలో ఆ లెక్కలోనే ఇచ్చేవాళ్ళు. 1912లో టైటానిక్ మంచుకొండని చూసినప్పుడు ఇచ్చిన ఆర్డరు కుడి వైపుది, ఓడ తిరగాల్సింది ఎడమకి, అప్పటి పద్ధతిలో అది సరైన ఆర్డరే.

వైరు కొసకి థింబుల్ (మడతలో కూర్చునే లోహపు గాడి ముక్క) వేసి యూ-క్లాంపులు బిగించేటప్పుడు, క్లాంపు పీఠం బరువు మోసే వైరు మీద కూర్చోవాలి, యూ ముక్క మడిచిన తోక మీద పడాలి. తిరగేసి బిగిస్తే మోసే వైరే నలిగిపోతుంది. కొసకి రెండేసి క్లాంపులు. టర్న్‌బకిల్ (వైరు బిగువు సర్దే మర) బిగువు ఎంతన్నది ఇట్టా చూశాం: చక్రాన్ని బ్రేకు వేసి కదలకుండా పట్టుకుని డిస్కుని చేత్తో ఊపితే ఆడకూడదు, అంతవరకే. వీణ తీగె మోగేంత బిగించడం కొందరికి గొప్ప, దాంతో రాపిడి పెరిగి బుష్‌లు అరుగుతాయి తప్ప ఇంకేం లేదు.

స్టాపులు. డిస్కుకి ఒక లావు పిడి పోతలోనే పెట్టించాం, అది 35 డిగ్రీల దగ్గర రబ్బరు అతికించిన టేకు దిమ్మకి తగిలి ఆగుతుంది, ఆ దిమ్మ పడవ బాడీకే ఫైబర్‌తో అతికి ఉంది. 35 దాటితే ఎటూ చుక్కాని తిప్పదు, నీళ్ళు విరిగిపోయి బ్రేకుగా మారుతుంది. దిమ్మ లేకపోతే చైను కొస స్ప్రాకెట్‌లోకి పోయి ఇరుక్కుంటుంది, అది చూడాల్సిన దృశ్యం కాదు.

ఎమర్జెన్సీ టిల్లర్: పాత టేకు కర్ర చక్రానికి తగులుతుంది, కుదరదు. కడ్డీ తల మీద మూత పెట్టి, మూత తీస్తే చతురస్రపు తల బయటపడేట్టు చేసి, దానికి సరిపోయే స్టెయిన్‌లెస్ పైపు, చక్రాన్ని దాటి వెనక్కి తిరిగి ఉండే చిన్న కర్ర వెల్డు చేయించాం. వెనక్కి తిరిగి ఉంది కాబట్టి ఇది టిల్లర్‌కి ఉల్టా పనిచేస్తుంది. కంగారులో మర్చిపోకుండా దాని మీద బాణం గుర్తు పెయింటు చేశాం.

జూన్, నిషేధం అయిపోయాక

పడవ నీళ్ళలో దిగింది. ముందు ఉప్పుటేరులోనే, పోర్టు చానెల్ వైపు పోకుండా, ఇంజను మీద. గొట్టం నోటి దగ్గర చెయ్యి పెట్టి చూశా, పొడిగానే ఉంది.

రివర్సు మీద చెయ్యాల్సిన పరీక్ష అందరూ మర్చిపోతారు. వెనక్కి పోయేటప్పుడు నీళ్ళు చుక్కాని వెనక అంచుని పట్టుకుని ఒక్కసారిగా అటో ఇటో విసిరేస్తాయి, టిల్లర్ అయితే డొక్కలో తగులుతుంది. చక్రం చేతుల్లోంచి లాక్కుని గిర్రున తిరిగి స్టాపు దగ్గర డబ్‌మని ఆగింది. కిందికి దిగి చూస్తే దిమ్మ చెక్కుచెదరలేదు, కప్పీల ప్లేటు చుట్టూ వేసిన పెన్సిలు గీత జరగలేదు. అప్పుడే నాకు ఊపిరాడింది.

మధ్యాహ్నం సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి ఎత్తుకున్నాక తెరచాపలు ఎత్తాం. బావ చక్రం ముందు కూర్చున్నాడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నంత తీరుబాటుగా. నాకు మాత్రం ఏదో పోయినట్టే ఉంది. టిల్లర్ మీద అయితే గాలి పెరిగేలోపే చేతికి బరువు తెలిసేది, తెరచాప తాడు వదలాలా వద్దా అని ఆలోచించే అవసరం రాకుండానే చెయ్యి వదిలేది. చక్రంలో ఆ కబురు చైను, నాలుగు కప్పీలు, 133 తీగలు దాటుకుని వచ్చేసరికి సగం చచ్చిపోయి వస్తుంది. దానికి తోడు పెద్ద తెరచాప తాడు ఇప్పుడు చక్రం దగ్గర కూర్చున్నవాడికి అందదు. ఒంటరిగా నడపాలంటే ఆ తాడు బిగించే క్లీటుని వెనక్కి జరపాల్సిందే, దానికి సీటు కింద బోల్టులు పట్టే ఇంకో బ్యాకింగ్ ప్లేటు.

బావకి వదిలేసి అరగంట చూశా. గాలి పెరిగినప్పుడు పడవ గాలి వైపుకి తిరగబోతుంటే చక్రాన్ని పట్టుకుని బిగించేస్తున్నాడు. "బావా, చక్రంతో కొట్లాడకు, పెద్ద తెరచాపని కాస్త వదులు చెయ్," అన్నా. వదిలాడు, చక్రం బరువు సగానికి పడిపోయింది. చుక్కాని మీద బరువు ఎక్కువవుతోందంటే అది తెరచాప సర్దమని అడుగుతోందన్నమాట, టిల్లర్ అయినా చక్రం అయినా.

మిగిలిన పనులు: కొత్త వైరు సాగింది, చక్రంలో రెండు వేళ్ళంత ఆట వచ్చింది. టర్న్‌బకిల్స్ బిగించి, వాటంతట అవి తిరగకుండా సన్న తీగతో కట్టేశా. పెడెస్టల్ మీద దిక్సూచి పెట్టాం గానీ లోపల కదిలే చైను దాన్ని లాగుతోందేమో చూడాలి, పడవని గట్టుకి కట్టేసి చక్రాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ ముల్లు కదులుతుందో లేదో చూస్తే తేలిపోతుంది. బ్రేకు పట్టీకి తోలు ముక్క అతికించాం, తడిస్తే జారుతోంది, ఆటోనగర్‌లో బ్రేకు లైనింగు ముక్క అడగాలి. కప్పీలకి గ్రీజు పట్టించడానికి మూత తీసి తల్లకిందులుగా దూరాలి, ఒక రాగి గొట్టంతో గ్రీజు నిపుల్‌ని పైకి తెచ్చుకుంటే ఆ బాధ తప్పుతుంది, అది వచ్చే వారం.